కష్టాలు చెప్పుకుంటే శిక్ష తగ్గుతుందా?

ప్రభుత్వ సొమ్ము తినేసిన ఉద్యోగి దొరికిపోతే కొల్లేటి లంకల్లోనైనా, తాడేపల్లిగూడెం పక్క పల్లెల్లోనైనా రచ్చబండ దగ్గర వినిపించే మాట ఒకటే: "పాపం, పిల్లలు గలవాడు. జడ్జిగారు కనికరిస్తారులే."

ఆ కనికరానికి ఇప్పుడు చోటు తక్కువ. పాత అవినీతి నిరోధక చట్టం కింద, ప్రత్యేక కారణాలు రాసి, ఏడాది కనీస శిక్షను కోర్టు తగ్గించే వీలుండేది. 1973లో ఒక ఢిల్లీ కేసులో, కేసు ఏళ్ల తరబడి నడిచిందని, ఉద్యోగం పోతుందని చూసి సుప్రీంకోర్టు జైలుశిక్షను అప్పటికే అనుభవించిన కాలంతో సరిపెట్టింది. జరిమానా మాత్రం పెంచింది. 1988 చట్టం ఆ వెసులుబాటు తీసేసింది. 2014 నుంచి, సొమ్ము కాజేసిన ఉద్యోగికి ఈ చట్టం కింద కనీసం 4 ఏళ్లు. లంచం పుచ్చుకుంటే 3. మంచాన పడ్డ తల్లిని చూపిస్తే ఆపైన పడేది తగ్గవచ్చు, ఆ నాలుగు తగ్గవు.

అబద్ధం చెప్పి పింఛను తీసుకున్న సామాన్యుడి సంగతి వేరు. మోసానికి 7 ఏళ్ల దాకా జైలు ఉన్నా, కనీసం ఇంతని లేదు. నేరం రుజువయ్యాక, శిక్ష వేసే ముందు జడ్జి అతని మాట వింటారు. ఏలూరు కోర్టు మెట్లెక్కేవారు ఆస్పత్రి కాగితాలు చూపవలసింది అప్పుడే. ఉత్త కన్నీళ్లు చాలవు.

మరి నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను ఇంకొకడు మింగితే, మందులు మానుకున్న లంక ముసలమ్మ కష్టం ఎవరి ఫైలులో ఉంటుంది? శిక్ష తగ్గించమని వకీలు అడిగే రోజున ఆమె కోర్టు హాల్లో ఉండదు. ఆమెకు ముందు ఆ నెల డబ్బు రావాలి.