తీరిక కూడా హక్కే

బస్తీ మీటింగుల్లో పార్కు మాట ఎత్తగానే "ముందు నీళ్ల సంగతి చూడండి మేడం" అంటారు. రసూల్‌పురాలో, పికెట్‌లో, బోయిన్‌పల్లిలో ఈ మాట చాలాసార్లు విన్నాను. విని ఊరుకున్నాను కూడా. డ్రైనేజీ పొంగుతున్న వీధిలో నిలబడి ఆటస్థలం అడగడం విలాసమనిపించేది. ఇప్పుడలా అనిపించడం లేదు.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు దగ్గర డబ్బు లేదన్నది నిజమే. ఇక్కడి భూమిలో ఎక్కువ భాగం సైన్యానిది. రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం కేంద్రప్రభుత్వ ఆస్తి మీద స్థానికసంస్థ పన్ను వేయలేదు. బదులుగా రావలసిన సర్వీసు చార్జీలు ఏళ్ల తరబడి బకాయి పడుతూ వచ్చాయి. ఆ లోటు చివరికి ఎవరి మీద పడుతుందన్నదే ప్రశ్న. ఖజానా ఖాళీ అయితే పార్కు పని ఆగిపోతుంది, లేదా గేటు దగ్గర టికెట్టు వెలుస్తుంది. పది రూపాయలే కదా అంటారు. ఇంట్లో ఆ పది రూపాయలు కొడుకు క్రికెట్టుకి దొరుకుతాయి, తల్లి నడకకి దొరకవు.

2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి 299 నిమిషాలు వెచ్చించేవారు, పురుషులు 97. తీరికే లేనివాళ్లకి పార్కెందుకని ఈ లెక్క చూపించి అడిగేవాళ్లున్నారు. తీరికని కూడా అసమానంగా పంచిన సమాజం, దాన్ని గడిపే చోటు కూడా పురుషులకే వదిలేసిందని నేనంటాను.

2017లో బైసన్‌పోలో మైదానంలో సచివాలయం కడతామన్నప్పుడు మైదానాన్ని కాపాడుకోవాలని ఎందరో గొంతెత్తారు. అక్కడ ఆడుకునే ఆడపిల్లలెందరని అప్పుడు నేనూ అడగలేదు. వియన్నా నగరంలో 1990లలో అడిగారు. తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకి రావడం తగ్గిపోతోందని తేలింది. కొత్త పార్కుల కోసం ఆగకుండా, ఉన్నవాటిలోనే దారులు, ఆటకోర్టులు మార్చారు. పిల్లలు తిరిగొచ్చారు. మనకి కావలసింది కూడా స్టేడియం కాదు. శుభ్రమైన మరుగుదొడ్డి, చీకటి పడ్డాక దీపం, కూర్చోవడానికి బల్ల, మగపిల్లల ఆట ఆక్రమించని కొంత జాగా.

అడగాలంటే ఎవరిని అడగాలి? ఎన్నికైన బోర్డు గడువు 2021 ఫిబ్రవరిలో ముగిసింది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలన్నారు, మార్చిలోనే రద్దు చేశారు. వార్డు సభ్యురాలే లేనిచోట బడ్జెట్టులో స్త్రీల మాట ఎవరు చెబుతారు?

ఎలివేటెడ్ కారిడార్లకి కంటోన్మెంట్ భూములివ్వడానికి 2024 మార్చిలో రక్షణశాఖ అనుమతించింది. ఆ భూములకి ప్రతిగా వచ్చేది డబ్బయినా, సౌకర్యాలయినా, అందులో బస్తీ స్త్రీల వాటా ఎంతో మన సంఘాలు ఇప్పుడే అడగాలి. టికెట్టు లేని పార్కు కావాలని రాసివ్వాలి. నీళ్లా పార్కా అన్న ప్రశ్న మనం వేసింది కాదు. దానికి జవాబు చెప్పే బాధ్యత కూడా మనది కాదు. రెండూ అడుగుదాం.