ఊహించి ఇచ్చే గోలీలు

సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్‌లో బస్సు దిగి, మెడికల్ షాపులో గొంతు నొప్పి, జ్వరం అని చెబితే అజిత్రోమైసిన్ మూడు గోలీల స్ట్రిప్ దొరకడం పెద్ద కష్టం కాదు. మూత్రంలో మంట అంటే ఇంకో రకం ఇస్తారు. గోలీలకు తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర సూది. దానికీ తగ్గకపోతే వనస్థలిపురం ఏరియా ఆసుపత్రి, ఆ పైన అప్పు చేసి ఎల్బీనగర్ కార్పొరేట్ మెట్లు. దారి పొడవునా మందు పవర్ పెరుగుతూనే పోతుంది. ఒంట్లో ఉన్న క్రిమి ఏదో, అది దేనికి లొంగుతుందో మాత్రం చివరి మెట్టు దాకా చూసేవారు అరుదు.

ఇందుకు రోగిని తిట్టడం మనకు అలవాటైంది. కోర్సు మధ్యలో ఆపేశాడని, చీటీ లేకుండా కొన్నాడని. ఒక రోజు కూలి పోగొట్టుకుని ఓపీ లైన్లో నిలబడలేని మనిషికి షాపు కౌంటరే దవాఖానా. ఆ మాటకొస్తే చదువుకున్న డాక్టరు కూడా మొదటి మందు ఊహించే రాస్తున్నాడు. తన చుట్టుపక్కల కాలనీల్లో తిరిగే క్రిములు ఏ మందుకు ఎంతవరకు లొంగుతున్నాయో చెప్పే కాగితం ఆయన బల్ల మీద లేదు. ఆ కాగితం పెట్టాల్సింది సర్కారు. కల్చర్ పరీక్షను ఉచితంగా శివారు దవాఖానాల దాకా తేవాలి, ఫలితాల లెక్కను ప్రాంతాలవారీగా బయటపెట్టాలి. ఇందులో మీనమేషాలు లెక్కించడానికి ఏమీ మిగల్లేదు.

కల్చర్ అంటే వింత సాంకేతికత కాదు. మూత్రంలోనో రక్తంలోనో ఉన్న క్రిమిని పళ్లెంలో పెంచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు దాని మీద పెడతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం కనిపిస్తుంది. పనిచేయకపోతే క్రిమి బిళ్ల అంచు దాకా పాకుతుంది. రెండు మూడు రోజుల పని. దాదాపు అరవై ఏళ్లుగా ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి.

దేశంలో లెక్కలే లేవని కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2013లో నిఘా వ్యవస్థ మొదలుపెట్టింది, హైదరాబాద్ నుంచి నిమ్స్ అందులో ఉంది. ఈ.కోలై వంటి క్రిములు సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులకు లొంగడం బాగా తగ్గిందని ఆ నివేదికలు చెబుతున్నాయి. కానీ నిమ్స్ దాకా వెళ్లేదెవరు? ఎక్కువ మంది నాలుగు చోట్ల తిరిగి, నాలుగు రకాల యాంటీబయాటిక్స్ మింగినవారే. వారి లెక్కను పట్టుకుని, ఇంజాపూర్‌లో మొదటిసారి మూత్రంలో మంట వచ్చిన ఇల్లాలికి మందు రాస్తే ఆమెకు అక్కర్లేని పెద్ద మందు పడవచ్చు. ఏ లెక్కా చూడకుండా రాస్తే పనికిరాని చిన్న మందు పడవచ్చు. రెండు విధాలా బాగుపడేది క్రిమే. పైగా మందు దెబ్బకు బతికి బయటపడ్డ క్రిమి ఆ ఉపాయాన్ని తన సంతానంతో ఆపదు. ప్లాస్మిడ్లనే జన్యువుల ముక్కల రూపంలో పక్కనున్న వేరే జాతి క్రిములకూ అందిస్తుంది.

మందులకు లొంగని క్రిముల మీద పరిశోధన చేసేవారిలో హైదరాబాద్ పేరు తెలియని వారు లేరు. అందుకు కారణం మాత్రం చెప్పుకోదగ్గది కాదు. స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం అక్కడికి చేరేది. శుద్ధి అయిన తర్వాత కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు 45 కిలోలు పోతోందని, స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే మందుకు అది సమానమని లెక్కగట్టారు. పదేళ్లకు, 2017లో, జర్మన్ పరిశోధకులు హైదరాబాద్ చుట్టుపక్కల 28 చోట్ల తీసిన నమూనాల ఫలితాలు వచ్చాయి. దాదాపు అన్నిటా మొండి క్రిములే.

పటాన్‌చెరు నగరానికి ఆ కొస, మనం ఈ కొస అనుకుంటే పొరపాటు. మధ్యలో పైపులైన్ ఉంది. అక్కడి నీటిని నగరపు మురుగుతో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చి, అక్కడి నుంచి మూసీలోకి వదిలే ఏర్పాటు చేశారు. అంబర్‌పేట దాటితే నాగోలు. ఇంకా కిందికి పోతే మూసీ నీటితో పెరిగిన గడ్డి మేసే గేదెలు, ఆ పాలు తాగే నగరం. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను లోకానికి ఇచ్చిన ప్రయోగశాలను నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు మనవాడని చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. మన నీళ్లలో ఉన్న మందు ఎంతో మొదట స్వీడన్ వాళ్లు చెప్పాల్సి రావడం సంగతేమిటి?

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్స్ ఎంతకు మించరాదో పరిమితులతో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు లేవు. ఢిల్లీ వదిలేసిందని హైదరాబాద్ చేతులు కట్టుకోనక్కర్లేదు. కేంద్రం కంటే కఠినమైన ప్రమాణాలు పెట్టే అధికారం పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఉంది. ఆ ముసాయిదా అంకెలనే ఇక్కడ అమలు చేయాలి. కంపెనీలు తరలిపోతాయన్న బెదిరింపు ప్రతిసారీ వినేదే.

మరో దక్షిణాది రాష్ట్రాన్ని చూడండి. కేరళ 2018లోనే సొంత కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. జిల్లా ల్యాబ్‌లను ఒక గొలుసుగా కలిపి, రాష్ట్రవ్యాప్తంగా ఏ క్రిమి ఏ మందుకు లొంగుతోందో పట్టిక ప్రచురిస్తోంది. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మిన షాపుల మీదా చర్యలు తీసుకుంటోంది. మనకూ చట్టం ఉంది. సెఫిక్సిమ్ వంటి మందులను ఎవరికి, ఏ డాక్టరు చీటీ మీద, ఎన్ని అమ్మారో రాసి మూడేళ్లు దాచాలనే హెచ్1 నిబంధన 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. ఎన్ని షాపుల్లో ఆ రిజిస్టరు తెరిచి చూశారో ఔషధ నియంత్రణ శాఖ శివార్ల వారీగా చెప్పాలి.

డబ్బెక్కడిదని అడుగుతారు. ఐసీయూలో పది రోజులు ఖరీదైన ఇంజెక్షన్లకు ఆరోగ్యశ్రీ కట్టే బిల్లు ముందు పెట్టుకుని ఆ ప్రశ్న అడగాలి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ 2018 నుంచి బస్తీ దవాఖానాల, పీహెచ్‌సీల రక్త నమూనాలను హబ్‌కు చేర్చి ఫలితాన్ని ఫోన్‌కు పంపుతోంది. బండి ఉంది, దారీ ఉంది. ఆ బండిలోనే మూత్రం డబ్బా కూడా ప్రతి పూటా ఎక్కాలి. అదీ చల్లటి పెట్టెలో, కొద్ది గంటల్లో చేరాలి. ఆలస్యమైతే డబ్బాలోనే వేరే క్రిములు పెరిగి ఫలితం చెత్తబుట్టకు పోతుంది. గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ స్థలంలో 2022లో శంకుస్థాపన చేసిన పెద్దాసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌ను తూర్పు శివార్లకు కేంద్రంగా ప్రకటించాలి. తుర్కయంజాల్, తొర్రూరు, మునగనూరు, హయత్‌నగర్ నమూనాల లెక్క ఆరు నెలలకోసారి ఒకే పేజీ పట్టికగా, తెలుగులో, ప్రతి క్లినిక్‌కూ ప్రతి మెడికల్ షాపుకూ చేరాలి. మొదటి పట్టిక వచ్చే వానాకాలం జ్వరాలకు ముందే గోడకు అతికించి కనిపించాలి.