బిళ్ల లెక్క

ముప్పై ఏళ్లు బొగ్గుబాయి దిగినవాణ్ని. దిగే ముందు ల్యాంప్ రూమ్ కిటికీలో నా నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి టోపీ ల్యాంపు తీసుకునేది. షిఫ్టు దిగాక ల్యాంపు అప్పజెప్తేనే బిళ్ల చేతికొచ్చేది. కొక్కేనికి ఒక్క బిళ్ల మిగిలిందంటే మనిషింకా కిందున్నట్టే. నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా. పొగ కమ్మితే దాని మౌత్‌పీస్‌ను పళ్లతో కరిచిపట్టి, మంచి గాలి వచ్చే దారివెంట బయటికి నడవాలి. ఆ దారి కాకుంటే ఇంకోటి ఉండాలి. రెండు దారుల్లేని బాయిని నడపొద్దన్నది చట్టం.

అయినా ప్రమాదాలు ఆగలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పోయారు. ఆ తర్వాత చాలా రోజులు బిళ్ల ఇచ్చేటప్పుడు చెయ్యి వణికేది.

కానీ పైన, మన ఊళ్లలో, ఈ లెక్కే లేదు. 2022 జులైలో కడెం ఆనకట్ట మీదుగా నీళ్లు పొర్లాయి, గోదావరి మంచిర్యాలలోకి వచ్చింది. ఒడ్డున ఉన్న మాతా శిశు ఆస్పత్రి నుంచి బాలింతలను, పసిబిడ్డలను తరలించాల్సి వచ్చింది. మా చిన్నక్క ఇల్లు నది వైపే. ఆటోలో రామకృష్ణాపూర్‌లోని మా ఇంటికి వచ్చింది, రెండు సంచులతో. విప్పి చూస్తే పట్టుచీరలు, దేవుడి పటం, సగం ఎండిన వడియాలు. బీపీ గోలీలు లేవు, బ్యాంకు పుస్తకం లేదు. నవ్వుకున్నాం కూడా.

రాత్రి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తబోయి ఆగిపోయింది. "తమ్మీ, మా పక్కింటి ముసలమ్మకు మోకాళ్లు లేవవు. ఆమెను ఎవరు తీసుకపోయిండ్రు?" నలుగురికి ఫోన్ చేశాం. ఎవరికి వాళ్లు ఇంకెవరో తీసుకపోయి ఉంటారనే అన్నారు. తెల్లారాక తెలిసింది, వీధి పిల్లలు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారట. పిల్లల పుణ్యం అది, ఏ ఏర్పాటూ కాదు.

పడవలు, పునరావాస కేంద్రాలు ఉండాల్సిందే. అంతకంటే ముందు ప్రతి వీధికి ఒక బిళ్ల లెక్క కావాలి: నడవలేనివాళ్లెవరు, ఒంటరిగా ఉన్నదెవరు, మోసేదెవరు, కేంద్రానికి చేరాక పేరు కొట్టేసేదెవరు. షిఫ్టు సైరన్‌కు నిద్రలేచే కాలనీలు మనవి. ఇల్లు వదలాలంటే ఎలా మోగుతుందో ముందే చెప్పి, బాయిలో చేసే మాక్ రిహార్సల్ లాగా ఏడాదికోసారి వానలకు ముందు నడిపించి చూస్తే ఖర్చెంత?

మా క్వార్టర్ల వరుసలో నేనే నోటుబుక్కు పట్టుకుని బయల్దేరాను. మొదటి ఇంటాయన "ఓట్ల కోసమా?" అన్నాడు. రెండో ఇంట్లో చాయ్ ఇచ్చి, మంచాన పడ్డ తండ్రి పేరు రాయించారు. మూడిళ్లకు తాళాలున్నాయి. సాయంత్రం మళ్లీ పోవాలి.