పని ఎవరిది, తప్పు ఎవరిది?

2024 జూన్ 17 ఉదయం పశ్చిమ బెంగాల్‌లోని రంగాపాని స్టేషన్ దాటిన గూడ్సు రైలు లోకో పైలట్ చేతిలో టి/ఎ 912 అనే కాగితం ఉంది. తెల్లవారి 5.50 నుంచి ఆ మార్గంలో ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయడం లేదు. ఎర్రగా ఉన్న తొమ్మిది సిగ్నళ్లనూ దాటిపోవచ్చంటూ స్టేషన్ మాస్టర్ ఇచ్చిన అనుమతి అది. ఎంత వేగంతో పోవాలో మాత్రం అందులో లేదు. అలాంటి కాగితంతోనే పావుగంట ముందు బయల్దేరిన కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు వెనుక నుంచి ఢీకొంది. గూడ్సు లోకో పైలట్, ఎక్స్‌ప్రెస్ గార్డు సహా పది మంది మరణించారు.

డ్రైవర్ సిగ్నల్‌ను పట్టించుకోకపోవడమే ప్రమాదానికి కారణమన్నట్టు రైల్వే బోర్డు ఆ రోజే చెప్పేసింది. లోకో పైలట్ల సంఘం భగ్గుమంది. సిగ్నళ్లు దాటొచ్చని రాసిచ్చి దాటాడని తప్పుపట్టడమేమిటన్నది వాళ్ల ప్రశ్న. ముందు రైలు అవతలి స్టేషన్ చేరకుండా రెండో దానికి కాగితం ఎందుకిచ్చారని కూడా వాళ్లు నిలదీశారు. కాగితం ఉన్నా ప్రతి ఎర్ర సిగ్నల్ దగ్గరా నిమిషం ఆగి, గంటకు 10 కిలోమీటర్లతో నడపాల్సిందేనని బోర్డు వాదన. ఆరుగురు ఉద్యోగులు కలిసి రాసిన ప్రాథమిక నివేదికలో అయిదుగురు గూడ్సు సిబ్బందిదే తప్పన్నారు. కాదన్న ఒకే ఒక్కరు చీఫ్ లోకో ఇన్‌స్పెక్టర్. రైల్వేలో పనిచేసిన వారికెవరికీ ఇందులో ఆశ్చర్యం కనిపించదు. ఎవరు ఏ విభాగం వారో తెలిస్తే చాలు, ఏం రాసి ఉంటారో నివేదిక తెరవకుండానే చెప్పేస్తారు.

తర్వాత వచ్చిన రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక కథను మార్చింది. అసలు ఇవ్వాల్సింది టి/ఎ 912 కాదని, టి/డి 912 అని కమిషనర్ తేల్చారు. అది ఇస్తే రెండు స్టేషన్ల మధ్య ఒక్క రైలే ఉండాలి. సిగ్నళ్లు పాడయ్యాక ప్రమాదం దాకా ఆ సెక్షన్‌లోకి వెళ్లిన ఏడు రైళ్లలో ఆగుతూ, నెమ్మదిగా పోతూ నిబంధన పాటించింది కాంచన్‌జంగా ఒక్కటే. మిగతా ఆరూ పాటించలేదు. ఏడింట ఆరుగురు ఒకే తప్పు చేశారంటే దాన్ని నిర్లక్ష్యం అనాలా, నిబంధన ఎవరికీ సరిగ్గా చెప్పలేదనాలా? సిబ్బందికి తగిన కౌన్సెలింగ్ లేదని, వాకీటాకీలు కూడా లేవని నివేదికే చెప్పింది.

రంగాపానిలో తగవు లోకో పైలట్లకూ స్టేషన్ మాస్టర్లకూ మధ్య. ఏడాది ముందు ఒడిశాలోని బహానాగా బజార్‌లో అది స్టేషన్ మాస్టర్లకూ సిగ్నల్ సిబ్బందికీ మధ్య వచ్చింది. సిగ్నల్ పరికరం మీద చెయ్యి వేయాలంటే ముందు స్టేషన్ మాస్టర్‌కు డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి. ఆయన సంతకం పెట్టాక పని మొదలుపెట్టాలి. ముగిశాక పరీక్షించి రీకనెక్షన్ మెమో ఇవ్వాలి. కాగితం మీద ఇంతే. పట్టాల దగ్గర కథ వేరు. మెమో మీద సంతకం పెడితే రైళ్లు నిలుస్తాయి, కంట్రోల్ నుంచి ఫోన్లు మోగుతాయి. స్టేషన్ మాస్టర్ వెనకాడతాడు. మరమ్మతు ఆగితే మెయింటెయినర్‌కు తాఖీదు వస్తుంది. దాంతో అడ్డదారి వెతుకుతాడు. 2023 ఫిబ్రవరి 8న కర్ణాటకలోని హోసదుర్గ రోడ్ దగ్గర సంపర్క్ క్రాంతి తప్పు లైన్‌లోకి మళ్లింది. లోకో పైలట్ అప్రమత్తత వల్ల ప్రమాదం తప్పింది. సిగ్నల్ పనులు ఇలా సాగితే ముప్పేనని నైరుతి రైల్వే ఆపరేషన్స్ అధిపతి లేఖ కూడా రాశారు. జూన్ 2న బహానాగాలో దాదాపు 300 మంది చనిపోయారు.

సీబీఐ అరెస్టు చేసిన ముగ్గురూ సిగ్నల్ విభాగం వారే. పాయింట్లు పదే పదే వింతగా ప్రవర్తించినప్పుడు స్టేషన్ మాస్టర్లు చెప్పి ఉంటే లోపం ముందే దొరికేదని భద్రతా నివేదిక అవతలి పక్షాన్నీ తట్టింది. ఆ తర్వాత రైల్వే బోర్డు చేసిన పని, రిలే గదులకూ గుమ్టీలకూ రెండేసి తాళాలు ఉండాల్సిందేనని ఆదేశించడం. ఒక తాళంచెవి స్టేషన్ మాస్టర్ దగ్గర, మరొకటి సిగ్నల్ సిబ్బంది దగ్గర. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోవడాన్నే భద్రతా ఏర్పాటుగా మార్చారన్నమాట.

సంఘాలు ఈ చిక్కు విప్పగలవా? కష్టమే. గుర్తింపున్న ఏఐఆర్‌ఎఫ్, ఎన్‌ఎఫ్‌ఐఆర్‌లలో అన్ని కేటగిరీల వారూ సభ్యులే. ఒకరి పక్షాన మాట్లాడితే ఇంకొకరు దూరమవుతారు. అందుకే లోకో పైలట్లకు, స్టేషన్ మాస్టర్లకు, గార్డులకు వేర్వేరు సంఘాలు పుట్టుకొచ్చాయి. 1973లో లోకో సిబ్బంది సొంతంగా సమ్మెకు దిగి పది గంటల డ్యూటీ హామీ రాబట్టుకున్నప్పటి నుంచీ విడిగా పోరాడితేనే ఫలితమన్న నమ్మకం గట్టిపడింది. ఫలితాల మాట ఎలా ఉన్నా, ప్రమాదం తర్వాత ఈ సంఘాల ప్రకటనలు ఎక్కువగా చెప్పేది తప్పు తమది కాదనే.

పైస్థాయిలో ప్రభుత్వం చేసిన ప్రయోగమూ కుంటుపడింది. విభాగాల మధ్య గోడలు కూలుస్తామంటూ 2019 డిసెంబరులో ఎనిమిది గ్రూప్ ఎ సర్వీసులను ఒక్కటి చేయడానికి కేబినెట్ ఆమోదించింది. ఇంజినీర్లు దొరకని పరిస్థితి వచ్చేసరికి 2024లో ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష దారిని మళ్లీ తెరిచింది. కింద స్టేషన్‌లో, క్యాబిన్‌లో ఉన్న గోడల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఈలోగా కొత్త తగవు తయారవుతోంది. చివరి పెట్టె విడిపోలేదని ఇంజిన్‌కు రేడియో ద్వారా తెలిపే ఈఓటీటీ పరికరాన్ని తూర్పు కోస్తా రైల్వే 2020లో ఒక గూడ్సుకు బిగించి నడిపింది. గార్డు లేకుండా గూడ్సు నడపవచ్చన్నది దాని వెనక ఆలోచన. ఆ గార్డు పేరునే 2022 జనవరిలో ట్రెయిన్ మేనేజర్‌గా మార్చారు. పేరు పెరిగింది, పెట్టె మాత్రం పోయేలా ఉంది. రైలు దారిలో ఆగిపోతే వెనక నుంచి వచ్చే రైలును ఆపడానికి పరుగెత్తాల్సింది ఎవరు? చివరి వ్యాగన్ల హ్యాండ్‌బ్రేకులు బిగించేది ఎవరు? 2024 ఫిబ్రవరి 25న కథువాలో డ్రైవర్ లేకుండా కదిలిన 53 వ్యాగన్ల కంకర గూడ్సు, పంజాబ్‌లో చెక్క దిమ్మలు అడ్డం వేసి ఆపేదాకా సుమారు 70 కిలోమీటర్లు ఉరికింది. గార్డు లేని గూడ్సులో ఈ పనులన్నీ చివరకు ఇంజిన్‌లో మిగిలిన ఇద్దరి మీదే పడతాయి. వాళ్లలో అసిస్టెంట్ బ్రేకులు బిగించడానికి కిందికి దిగితే, ఇంజిన్‌లో మిగిలేది ఒక్కరే.