పత్యం పేరుతో పస్తులొద్దు!

భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు ఒక పల్లె నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది.

"మా అత్తమ్మకు అరవై దాటాయి. నాలుగేళ్లుగా దగ్గు, ఆయాసం. చుట్ట, బీడీ అలవాటు లేదు. డాక్టరుగారు పరీక్ష చేసి సి.ఓ.పి.డి. అన్నారు. పీల్చే మందు ఇచ్చారు. మందు మానలేదు, అయినా మనిషి రోజురోజుకీ చిక్కిపోతోంది. జాకెట్లు రెండుసార్లు కుట్లేసి బిగించాను. కఫమని పెరుగు, అరటిపండు మాన్పించాం. వేడని గుడ్డు మాన్పించాం. వాతమని పప్పు మాన్పించాం. ఇప్పుడు రెండు పూటలా చారన్నమే. అదీ నాలుగు ముద్దలు తినగానే 'ఊపిరాడటం లేదే, ఇక చాలు' అని కంచం నెట్టేస్తుంది. మొన్న మా ఆడబిడ్డ వచ్చి 'మా అమ్మకు తిండి సరిగా పెట్టడం లేదు' అని నలుగురిలో అనేసింది. నేనేం చెయ్యాలి?"

చెల్లెమ్మా, ముందు కళ్లు తుడుచుకోండి. తప్పు మీదీ కాదు, మీ అత్తమ్మదీ కాదు. అందరూ మంచికని చెప్పిన పత్యమే ఇక్కడ చెరుపు చేస్తోంది.

ఊపిరికీ తిండి కావాలి

మనం ఊపిరి పీల్చుకుంటున్నట్టు మనకే తెలియదు. ఆయాసం మనిషికి అలా కాదు. ఒక్కో శ్వాసకూ ఛాతీ కండరాలు బరువు మోసినట్టు కష్టపడతాయి. ఆ పనికి పట్టే శక్తి మామూలు మనిషికన్నా పదిరెట్ల దాకా ఉండొచ్చంటారు వైద్యులు. అంటే మంచంమీద కూర్చున్నా ఆవిడ ఒళ్లు కష్టపడుతూనే ఉంటుందన్నమాట! ఖర్చు పెరిగి రాబడి తగ్గితే ఇల్లు ఏమవుతుంది? ఒళ్లూ అంతే. ముందు కొవ్వు, ఆ తర్వాత కండ కరుగుతుంది. ఊపిరి లాగే కండరాలూ కండే కదా! అవీ నీరసిస్తే ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది, జలుబూ దగ్గూ ఊరికే పట్టుకుంటాయి.

చుట్ట కాల్చని మనిషికి ఈ జబ్బేమిటంటారా? చిన్నప్పటి నుంచీ కట్టెల పొయ్యి ఊదిన ఊపిరితిత్తులవి. మన వైపు ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు గనుల్లో ఏళ్లతరబడి బొగ్గు ధూళి పీల్చిన మగవాళ్లలోనూ ఈ ఆయాసం చూస్తాం. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి చాలా ఇళ్లకు గ్యాసు చేరింది. కానీ నీళ్లు కాచడానికీ, పెద్ద వంటకీ ఇప్పటికీ కట్టెలే ముట్టిస్తున్నాం. ఆ పొయ్యిని వాకిట్లోకి మార్చండి, అత్తమ్మను దాని దగ్గరికి రానివ్వకండి. ఖమ్మం మిర్చి ఘాటు వేరే చెప్పాలా! పోపు మాడకుండా చూసుకోండి.

ఏది మానాలి, ఏది పెట్టాలి?

పాలు, పెరుగు వల్ల ఊపిరితిత్తుల్లో కఫం పెరుగుతుందనడానికి ఆధారం లేదు. పాలు తాగాక నోరు కాస్త జిగటగా అనిపిస్తుంది, అంతే. గుక్కెడు నీళ్లతో పుక్కిలిస్తే పోతుంది. ఏదైనా ఒక వస్తువు తిన్న ప్రతిసారీ దగ్గొస్తుంటే అదొక్కటే మానండి, మిగతావి ఎందుకు మానడం?

ఈ జబ్బులో చిక్కిపోతున్నవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నలభై కిలోల మనిషికి దాదాపు 48 గ్రాములైనా అవసరం. చారన్నంతో అది వస్తుందా? ఒక గుడ్డుతో 6 గ్రాములు, గుప్పెడు పల్లీలతో 7 గ్రాములు వస్తాయి. గోదావరి చేప దొరికిన రోజున ముళ్లు తీసి పులుసులో మెత్తగా పెట్టండి. కడుపుబ్బరమైతే పప్పు నానబెట్టి, ఇంగువ, జీలకర్ర వేసి మెత్తగా ఉడికించి కొంచెం కొంచెంగా పెట్టండి. ప్రతి పూటా ఒక చెంచా నెయ్యి కలిపితే 45 కేలరీలు అదనం, కడుపు బరువూ ఉండదు. (మూత్రపిండాల జబ్బు, షుగరు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే మార్చుకోవాలి.)

ఎలా పెట్టాలి?

నాలుగు ముద్దలకే ఊపిరాడదనడం వంక కాదమ్మా! కడుపు నిండితే అది పైకి నెట్టి, ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది. అందుకని:

• రెండు పూటలు కాదు, ఆరుసార్లు పెట్టండి. ఆ నాలుగు ముద్దలే చాలు.

• అన్నానికి అరగంట ముందు ఆవిడ్ని కూర్చోబెట్టి విశ్రాంతినివ్వండి. పీల్చే మందు అప్పుడే తీసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి. మందు పీల్చాక నోరు పుక్కిలించాలి, లేకపోతే నోరు పూసి రుచి తెలియదు.

• పొద్దున ఓపిక ఎక్కువ ఉంటుంది, గట్టి తిండి అప్పుడే పెట్టండి.

• తింటూ నీళ్లు తాగించకండి, మధ్యలో తాగించండి.

• జొన్న జావ పల్చగా కాకుండా పాలు పోసి చిక్కగా కాయండి.

ఇప్పపువ్వు – పల్లీ లడ్డు

పల్లీలు 1 గ్లాసు, నువ్వులు అర గ్లాసు, ఎండు ఇప్పపువ్వు అర గ్లాసు, బెల్లం తురుము అర గ్లాసు, నెయ్యి 2 చెంచాలు. ఇప్పపువ్వు కేసరాలు తీసి, ఇసుక లేకుండా కడిగి, మళ్లీ బాగా ఎండబెట్టాలి. పల్లీలు, నువ్వులు, పువ్వు విడివిడిగా దోరగా వేయించి, పల్లీల పొట్టు తీసి, బెల్లంతో కలిపి దంచాలి. నెయ్యి వేసి ఉసిరికాయంత ఉండలు చుట్టుకోవాలి. నమలలేకపోతే పాలల్లో చిదిపి పెట్టండి. షుగరు ఉన్నవాళ్లకు ఇది వద్దు.

కాటా చెప్పే మాట

నెలకోసారి ఒకే కాటామీద, ఒకే వేళకు బరువు చూసి కేలండర్‌మీద రాయండి. 150 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడమనిషి 42 కిలోలకన్నా తగ్గితే బక్కతనమే. ఈ జబ్బున్నవాళ్లయితే 47కు దిగినప్పుడే జాగ్రత్తపడాలి. 45 కిలోల మనిషి నెలలో 2 కిలోలకు మించి తగ్గితే ఆలస్యం చెయ్యొద్దు. దగ్గు ముదిరి, సాయంత్రం జ్వరం, తెమడలో రక్తం ఉంటే క్షయేమో చూపించాలి. ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. క్షయ తేలితే 2018 నుంచి తిండి ఖర్చుకని నెలనెలా డబ్బిస్తున్నారు. 2024 నవంబరు నుంచి అది వెయ్యి రూపాయలు.

కొందరు ఇందుకు విరుద్ధంగా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతూ కదలక లావెక్కుతారు. పొట్ట పెరిగినా ఊపిరికి కష్టమే. వాళ్లు నూనె, తీపి తగ్గించుకోవాలి గానీ ఉపవాసాలు చెయ్యకూడదు. రెండు మూడు రోజుల్లోనే బరువు పెరిగి కాళ్లు వాచాయంటే అది ఒళ్లు కాదు, నీరు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

చివరగా ఆడబిడ్డ మాట. ఆవిడ కోపం తల్లిమీద బెంగే. ఈసారి వచ్చినప్పుడు ఆ కేలండర్ చూపించండి. పొద్దున జావ మీరు పెట్టండి, లడ్డూలు ఆవిడ్ని చుట్టమనండి. ఇద్దరూ కలిసి చూసుకుంటే అత్తమ్మ ఆ నాలుగు ముద్దలూ ఇంకొంచెం ఇష్టంగా తింటుంది. రెండు నెలలయ్యాక కాటా ఏమంటోందో నాకు మళ్లీ ఉత్తరం రాయండి.