ఆర్టీసీకి చూపేది ఎవరి ఖజానా?

తనను కోసినా నెలకు రూ.18,500 కోట్లకు మించి రావని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025 మే 5న తేల్చేశారు. అవసరం రూ.22,500 కోట్లట. ఏ పథకం ఆపమంటారో చెప్పండని ఉద్యోగ సంఘాలను నిలదీశారు. సమరం అంటున్నారే, ఎవరి మీద, ప్రజల మీదా అని గద్దించారు. మర్నాడు రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్‌తో చర్చలు జరిగాక ఆర్టీసీ కార్మిక సంఘాల జేఏసీ తలపెట్టిన సమ్మెను వాయిదా వేసుకుంది. ముగ్గురు ఐఏఎస్ అధికారులతో కమిటీ పడింది. బస్సులు ఆగలేదు, సంతోషమే. ముఖ్యమంత్రి మాట మాత్రం అలాగే నిలిచి ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ డిపోల కార్మికులు తమ ప్రతినిధులను ఆ కమిటీ ముందుకు పంపినప్పుడు మొదట ఎదురయ్యే జవాబు అదే. కాబట్టి దాని నిజమెంతో ఇప్పుడే తేల్చుకోవాలి.

రాష్ట్రం ఆర్థికంగా ఇబ్బందుల్లో ఉందన్నది కాదనలేని సంగతి. 2023 డిసెంబరు శ్వేతపత్రం ప్రకారమే అప్పులు రూ.6.71 లక్షల కోట్లు. వాటి కిస్తీలు, వడ్డీలు ప్రతి నెలా తప్పవు. ఆ లెక్కతో మాకు పేచీ లేదు. దాన్ని ఆర్టీసీ కార్మికుడి ముందు పెట్టడమే మోసం. ముఖ్యమంత్రి చెప్పిన ఖజానా నుంచి జీతం తీసుకునేవాడు కాడు ఆ కార్మికుడు. 43 వేల మందికి పైగా ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వోద్యోగులుగా తీసుకునే బిల్లును 2023 ఆగస్టులో శాసనసభ ఆమోదించింది, గవర్నరు సంతకమూ పడింది. ఆ ప్రక్రియను పూర్తి చేస్తామని చెప్పే కాంగ్రెస్ ఓట్లడిగింది. అధికారంలోకి వచ్చి ఏడాదిన్నర కావస్తున్నా 2025 మే నాటికి చట్టం అమల్లోకి వచ్చే తేదీని ప్రకటించలేదు. అంటే అప్పటికీ వాళ్లు కార్పొరేషన్ ఉద్యోగులే. వాళ్ల జీతం టికెట్టు డబ్బులోంచి, ప్రభుత్వం సంస్థకు కట్టాల్సిన సొమ్ములోంచి వస్తుంది. విలీనం ఏమైందంటే మీరింకా కార్పొరేషన్ వారేనంటారు, జీతం పెంచమంటే ప్రభుత్వ ఖజానా ఖాళీ అంటారు. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి రావడం పాలన అనిపించుకోదు. ఖజానాలో వాటా లేనివాడికి ఖజానా కష్టంలో మాత్రం వాటా పంచుతున్నారు.

నిజానికి ఈ లావాదేవీలో బాకీ పడ్డది ఎవరో చూడాలి. ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చేలా 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి మంచి పథకం. కూలికి పోయే ఆడవాళ్లకూ, కాలేజీ పిల్లలకూ అది ఎంత ఆసరానో పాలమూరు పల్లెలకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ పథకాన్ని రోజూ నడిపేది మాత్రం సచివాలయం కాదు, కండక్టరు. గద్వాల నుంచి రాయచూరు వెళ్లే బస్సులో ఆయన చేసే పని ఒకసారి గమనించండి. కిక్కిరిసిన బస్సులో ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూడాలి. చిరునామా తెలంగాణదైతే సరిహద్దు దాకా జీరో టికెట్టు, అక్కడి నుంచి డబ్బు టికెట్టు. కార్డు కర్ణాటకదో ఆంధ్రదో అయితే మొత్తం చార్జీ వసూలు చేయాలి. ఈ వాదులాటలన్నీ తేలేలోగా తర్వాతి స్టేజీ వచ్చేస్తుంది. జీరో టికెట్టు కొట్టడం మరిస్తే సంస్థకు ఆ మేరకు ప్రభుత్వ చెల్లింపు రాదు, తప్పు కండక్టరుది అవుతుంది. ఆ చెల్లింపు సర్కారు చేసే దానం కాదు, ఎక్కిన మనిషికి ఇవ్వాల్సిన చార్జీ. ఎక్కేవాళ్లు పెరిగారు, పని పెరిగింది, పథకం పేరు ప్రభుత్వానికి దక్కింది. ఆ పని చేసిన చేతులు కూలి అడిగితే ఏ పథకం ఆపమంటారని ఎదురు ప్రశ్న వేయడం, ఆ కండక్టరును బస్సులోని ఆడవాళ్ల మీదికి ఉసిగొల్పడమే.

ఇక 2025 జనవరి 27న జేఏసీ ఇచ్చిన సమ్మె నోటీసులోని 21 డిమాండ్లను చూద్దాం. అందులో ఖజానాకు పైసా ఖర్చు లేనివి ఉన్నాయి. సంఘాలను గుర్తించి ఎన్నికలు పెట్టడానికి ఎన్ని కోట్లు కావాలి? 2016 తర్వాత 2025 మే దాకా ఆర్టీసీలో గుర్తింపు సంఘం ఎన్నికలే లేవు. 2019 సమ్మె అయ్యాక అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సంఘాలను పక్కకు నెట్టి సంక్షేమ మండళ్లు పెడితే, అది అప్రజాస్వామికమని గొంతెత్తినవారే ఇప్పుడు గద్దెమీద ఉన్నారు. కార్మికుల సొంత డబ్బుకు సంబంధించిన డిమాండ్లూ ఉన్నాయి. సహకార పరపతి సంఘం కోసం నెలనెలా జీతంలోంచి కోసుకున్న వందల కోట్లను యాజమాన్యం వాడేసుకుంది. బిడ్డ పెళ్లికో, ఇంటి స్లాబుకో అప్పు తీసుకుందామని వెళ్లిన కార్మికుడికి తాను దాచుకున్న సొమ్మే దొరకదు. దాన్ని తిరిగివ్వమనడం కోరిక ఎలా అవుతుంది? మిగిలింది వేతన సవరణ. 2017లో రావాల్సినది 2024లో, అదీ 21 శాతంతో వచ్చింది. 2025 మే నాటికి 2021 సవరణకు అతీగతీ లేదు, 2025ది కూడా గడువుకొచ్చింది. ఏడేళ్లు ఆగినవాళ్లను తొందరపడుతున్నారనడం ఏం న్యాయం?

ఖాళీ ఖజానా మాట ఈ కార్మికులకు కొత్త కాదు. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె జరిగినప్పుడు, రూ.47 కోట్లు సర్దడం కూడా తమ వల్ల కాదన్నట్టు నాటి ప్రభుత్వం హైకోర్టులో వాదించింది. ఆ రోజుల్లో కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. సమ్మె విరమించి, సంఘాలు చతికిలబడ్డాక, నవంబరు 28న అదే ప్రభుత్వం రూ.100 కోట్లు ప్రకటించింది. కిలోమీటరుకు 20 పైసల చార్జీ పెంపు నిర్ణయించింది. ఆ తర్వాత సమ్మెకాలపు జీతం ఇస్తామంది, రిటైర్మెంటు వయసు 60కి పెంచింది. డబ్బు రాత్రికి రాత్రే పుట్టుకొచ్చిందా? లేదు, కార్మికుడి మెడ వంగే దాకా లేదని చెప్పారు, అంతే. ఆ అక్టోబరు 21న ఆర్టీసీ కార్మికుల పక్షాన నాటి ముఖ్యమంత్రి నివాసం ప్రగతి భవన్ ముట్టడికి బయల్దేరి అరెస్టయిన ఎంపీ రేవంత్ రెడ్డికి ఈ సంగతి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. అప్పుడు అబద్ధమైన వాదన ఇప్పుడు నిజమెలా అయిందో ఆయనే చెప్పాలి.

బస్సు ఆగితే ముందు నష్టపోయేది పేదలేనన్న మాటలో నిజముంది. రైలు ముఖం చూడని నాగర్‌కర్నూల్‌కూ, కొల్లాపూర్, అచ్చంపేటలకూ ఆర్టీసీయే దిక్కు. అందుకే జేఏసీ నోటీసిచ్చి మూడు నెలలకు పైగా వేచి చూసింది. ఆ మూడు నెలల్లో గట్టిగా చర్చలు జరిపి ఉంటే మే మొదటి వారంలో ఈ గుబులే ఉండేది కాదు. విలీనం భారం మోయలేమన్నదీ ఆలోచించదగ్గదే. కానీ నిండా అప్పుల్లో ఉన్న ఆంధ్రప్రదేశ్ 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకుంది. మోయలేమనుకుంటే ఆ మాట శాసనసభలో చెప్పండి. చేసిన చట్టాన్ని అలమారాలో పెట్టి తాళం వేయకండి.

కమిటీ పని కాలం గడపడం కాకూడదు. విలీనం తేదీ, సంఘాల ఎన్నికల తేదీ, సహకార సంఘం బాకీ ఎన్ని కిస్తీల్లో తీరుస్తారన్న లెక్క, ఈ మూడూ కాగితం మీద పెట్టాకే వేతనాల చర్చకు కూర్చోవాలి. ఆ చర్చలో మహాలక్ష్మి కింద ప్రభుత్వం ఎంత కట్టింది, ఇంకెంత కట్టాలి అన్న పద్దు కార్మిక ప్రతినిధుల ముందుండాలి. అప్పుడు చేతిలో నిజంగా ఎంత ఉందో అందరికీ తెలుస్తుంది, ఎంత పెంచాలో బేరం తెగుతుంది. కష్టకాలంలో సర్దుకుపొమ్మని అడిగే హక్కు లెక్కలు విప్పి చూపేవాడికే ఉంటుంది. ఈ పద్దు తెరవకుండా ప్రజల పేరు చెప్పి కార్మికులను బెదిరిస్తే, సమరం మొదలుపెట్టింది ప్రభుత్వమే అవుతుంది.