పులికాట్‌లో రాళ్లు ఉన్నవారు, రాళ్లు లేనివారు



పులికాట్ అనగానే మన సూళ్లూరుపేట, తడ ప్రాంతాల వారికి సరస్సులో దిగే పక్షులే గుర్తుకు వస్తాయి. పెద్దలు ప్రళయకావేరి అని పిలిచే ఈ సరస్సు చిలకా తరువాత మన దేశంలో పెద్దదైన ఉప్పునీటి సరస్సు. నీళ్లలో ఎక్కువ భాగం మన రాష్ట్రానిదే. కాని పులికాట్ అనే ఊరు మాత్రం సరస్సుకు దక్షిణపు కొసన, తమిళనాడులో ఉంది. తమిళులు పళవేర్కాడు అంటారు. మొన్నటి వేసవిలో మా సంఘ యౌవనస్థులను వెంటబెట్టుకొని వెళ్లి ఆ ఊరు చూచి వచ్చాము.

చిన్న ఊరు. చేపల వాసన, పడవలు, తాటాకుతో బుట్టలు అల్లే ముస్లిం సోదరీమణులు. ఎర్ర రాయితో కట్టిన ఆదినారాయణ పెరుమాళ్ గుడిలో రామాయణ కథను వేలెడంత బొమ్మలుగా చెక్కారు. పాత మసీదులున్నాయి. పోర్చుగీసువారి కాలంలో మొదలైన మరియమాత దేవాలయం ఉంది. ఇవన్నీ చూడదగినవే. అయితే మా కాళ్లు ఎక్కువసేపు ఆగింది డచ్చివారి సమాధుల దొడ్డిలో.

డచ్చివారంటే మనకు పరాయివారేమీ కారు. బందరులోని వలందపాలెం పేరు వారి వలన వచ్చినదే. విజయనగర రాజైన వెంకటపతి రాయల అనుమతితో 1610లో వారు పులికాట్‌లో స్థిరపడ్డారు. పోర్చుగీసువారు దాడి చేయగా, 1613లో గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు. 1690లో నాగపట్నానికి మారే వరకు కోరమండల్ తీరంలో వారి వ్యాపారానికి అదే ముఖ్యపట్టణం. ఇక్కడి నేతబట్టలు ఓడలెక్కి తూర్పు దీవులకు పోయేవి. అక్కడి జాజికాయ, లవంగాలకు ఆ బట్టలే మారకం. కోటలో తుపాకి మందు కూడా తయారు చేసేవారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి వశమైంది. నేడు కోట ఉన్నచోట ముళ్లపొదలు, మట్టిదిబ్బ, చుట్టూ అగడ్త మిగిలాయి.

సమాధుల దొడ్డి మాత్రం పురావస్తు శాఖ వారి సంరక్షణలో బాగానే ఉంది. ద్వారానికి ఇరువైపులా అస్థిపంజరాల శిల్పాలు. లోపల మంచం పొడవున్న పలకరాళ్లు, వాటిమీద వంశచిహ్నాలు, డచ్చి అక్షరాలు. మన ప్రొటెస్టెంటు విశ్వాసంలోనివారే గనుక మాకు ఏదో చుట్టరికం తోచింది.

వారి సంఘానికి కాపరిగా 1632 నుండి 1642 వరకు ఇక్కడ ఉన్న అబ్రహాము రొగేరియస్‌ను మేము ప్రత్యేకంగా తలచుకున్నాము. ఆయన పద్మనాభుడనే బ్రాహ్మణుని దగ్గర కూర్చొని, ఇక్కడివారి ఆచారాలు, నమ్మకాలు అడిగి తెలుసుకొని వ్రాసుకున్నాడు. ఇద్దరికీ తెలిసిన భాష పోర్చుగీసు. ఆ గ్రంథం ఆయన మరణించాక 1651లో లైడెన్‌లో అచ్చయింది. భర్తృహరి సుభాషితాలు యూరపు భాషలో మొదట వెలుగు చూచింది అందులోనే. బడిలో ఏనుగు లక్ష్మణకవి పద్యాలు వల్లించినవారికి ఈ సంగతి తీపిగా ఉంటుంది. శృంగార శతకం మాత్రం అందులో చేర్చలేదు!

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మాకూ సుఖమే. కాని యౌవనస్థులలో ఒకడు, “అయ్యగారూ, వీళ్లు ఇక్కడినుండి బట్టలేనా పంపింది?” అని అడిగాడు. మనుషులను కూడా పంపారు. 1618 నుండి 1620 వరకు ఈ తీరమంతా కరువు పట్టింది. తినడానికి లేక తల్లిదండ్రులు పిల్లలను, కొందరు తమ్మును తామే అమ్ముకున్నారు. 1621లో డచ్చివారు బందా దీవుల జనాన్ని చంపి, తరిమి, జాజికాయ తోటలకు పనివారు లేకుండా చేసుకున్నారు. ఆ లోటు కొనుక్కున్న మనుషులతో పూడ్చుకున్నారు. 1622, 1623 సంవత్సరాల్లోనే పులికాట్, దేవనాంపట్నం వంటి రేవులనుండి కనీసం 1900 మందిని బానిసలుగా ఓడలెక్కించారు. తరువాతి కరువుల్లోనూ ఇదే జరిగింది. వారిలో మన తెలుగువారు ఉండరని మేమెలా అనగలం?

ఫిలేమోను పత్రిక ఆ ఓడల యజమానుల బైబిలులోనూ ఉంది. తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో మనుషులను దొంగిలించేవారిని పౌలు నరహంతకుల వరుసలోనే పెట్టాడు. ఆదివారం ఆరాధన, సోమవారం ఈ బేరం. మన విశ్వాసపు పెద్దల చరిత్ర చెప్పేటప్పుడు రొగేరియస్ వరకే చెప్పి ఆపడం మాకు ఇకమీదట చేతకాదు. ఆ పిల్లవాడికి అక్కడే, ఎండలో నిలబడి, అంతా చెప్పాము. ఓడలెక్కినవారి సమాధులెక్కడ అని కూడా అడిగాడు. వారికి ఈ ఊళ్లో రాయి లేదని చెప్పాము.

వెళ్లదలచినవారు సూళ్లూరుపేటలో మద్రాసు వైపు లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగండి. అక్కడినుండి బస్సులున్నాయి. దొడ్డిలో నీడ తక్కువ గనుక ఉదయాన్నే చేరుకోండి. పిల్లలను తప్పక తీసుకొని వెళ్లండి.